1 తిమోతి 2:5 చదివాక పునీతులను వేడుకోవచ్చా?

విజయ_తెనాలి

అందరికీ వందనాలు. మాది తాతల కాలం నుంచి కథోలిక కుటుంబం. పెళ్లయి వచ్చిన ఇల్లు లూథరన్. ఆదివారం ఎవరి గుడికి వాళ్లు వెళ్తాం, రాత్రి కుటుంబ ప్రార్థన మాత్రం అందరం కలిసి చేసుకుంటాం. ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. మొన్న నేను జపమాల చెప్పుకుంటుంటే అత్తయ్యగారు బైబిలు తెచ్చి 1 తిమోతి 2:5 చూపించారు. "దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే, ఆయన క్రీస్తుయేసను నరుడు." ఇంత సూటిగా రాసి ఉంటే మళ్లీ మరియమ్మగారి దగ్గరికి ఎందుకమ్మా అని అడిగారు. ఎత్తిపొడుపుగా కాదు, తెలుసుకుందామనే అడిగారు.

చిన్నప్పుడు సత్యోపదేశంలో మాకు చెప్పిన జవాబే చెప్పాను. కలెక్టరుగారితో పనిపడితే నేరుగా వెళ్లలేం కదా, తెలిసినవాళ్ల సిఫారసు పట్టుకుని వెళ్తాం, పునీతులూ (సెయింట్లూ) అంతే అని. "కన్నతండ్రి దగ్గరికి పోవడానికి సిఫారసు దేనికే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. వాక్యం చూపించి వివరించగలిగినవాళ్లు చెప్పండి. ఆవిడ మీద గెలవాలని కాదు, నేను రోజూ చేసే ప్రార్థన ఏమిటో నాకు తెలియాలి.

వాక్యధ్యాని

సహోదరీ, మీ అత్తయ్యగారు అడగాల్సిందే అడిగారు. నేను బ్రదరన్ సహవాసంలో పెరిగాను, నా మాట నిర్మొహమాటంగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

క్రీస్తు మరణించినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి చినిగింది. హెబ్రీ 4:16 "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అంటోంది. రోమా 8:34 ప్రకారం మన కోసం విజ్ఞాపన చేసేవాడు దేవుని కుడిపార్శ్వాన ఉన్న క్రీస్తే. అదే అధ్యాయం 26వ వచనంలో పరిశుద్ధాత్ముడూ మన పక్షాన విజ్ఞాపన చేస్తున్నాడు. దేవుని కుమారుడు, దేవుని ఆత్మ ఇద్దరూ మన తరఫున నిలబడి ఉంటే ఇంకా లోటేముంది? మరియమ్మ ధన్యురాలు, అందులో సందేహం లేదు. కానీ చనిపోయినవారితో మాట్లాడడాన్ని ద్వితీయోపదేశకాండం 18:11 నిషేధించింది. సౌలు ఏన్దోరులో సమూయేలును రప్పించుకుని ఏమయ్యాడో 1 సమూయేలు 28లో ఉంది.

మాజీ_సెమినేరియన్

విజయగారూ, ముందుగా ఆ సిఫారసు పోలికను వదిలేయండి. మన విచారణల్లో (పారిష్‌లలో) తరతరాలుగా చెబుతున్నారు, ప్రేమతోనే చెబుతున్నారు, కానీ అది శ్రీసభ (కథోలిక సంఘం) బోధన కాదు. ఆ పోలికలో దేవుడు అందుబాటులో లేని అధికారి, పునీతులు ఆయన మనసు మార్చగల పలుకుబడి ఉన్న మనుషులు. రెండూ తప్పే. మీ అత్తయ్యగారు కొట్టింది ఆ పోలికనే. అది పడిపోవడం మంచిదే.

ఇక వచనం. 5వ వచనం ఒక్కటే చదివితే సగమే చదివినట్టు. అధ్యాయం మొదటి నుంచి చదవండి. 1వ వచనంలో పౌలు ఏమంటున్నాడు? అన్నిటికంటె ముఖ్యంగా మనుషులందరి కోసం, రాజుల కోసం, అధికారుల కోసం "విజ్ఞాపనములును ప్రార్థనలును యాచనలును కృతజ్ఞతాస్తుతులును" చేయాలంటున్నాడు. ఇది దేవుని దృష్టికి మంచిది, అనుకూలమైనది అంటున్నాడు 3లో. ఎందుకంటే ఆయన అందరూ రక్షణ పొందాలని కోరుతున్నాడు, 4. ఎందుకంటే దేవుడొక్కడే, మధ్యవర్తి ఒక్కడే, 5. ఆ మధ్యవర్తి అందరి కోసం "విమోచనక్రయధనముగా" తన్ను తానే సమర్పించుకున్నాడు, 6. ఒక్కడే మధ్యవర్తి ఉన్నాడు కాబట్టి ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం అనవసరమని పౌలు తేల్చలేదు. ఒక్కడే మధ్యవర్తి ఉన్నాడు కాబట్టి అందరి కోసం ప్రార్థించండి అన్నాడు. మన ప్రార్థనకు ఆ మధ్యవర్తిత్వమే ఆధారం.

ఆయన మధ్యవర్తి అయింది దేనివల్ల? 6వ వచనంలో ఉన్న క్రయధనం వల్ల. ఆ పని మరియమ్మ చేయలేదు, పేతురు చేయలేదు, ఏ పునీతుడూ చేయలేదు. చేశారని చెప్పే కథోలికుడు ఎవరైనా ఉంటే అతను శ్రీసభ బోధనకు బయట ఉన్నట్టే. రెండో వాటికన్ మహాసభ 1964లో శ్రీసభ గురించి ఇచ్చిన సిద్ధాంత పత్రంలో మరియమ్మ పాత్ర గురించి చెప్పే చోట 60వ పేరా ఇదే వచనాన్ని ఎత్తి చూపుతుంది. అంటే అత్తయ్యగారు చూపించిన చోటి నుంచే శ్రీసభ కూడా మాట్లాడుతోంది.

ఇక "నేరుగా వెళ్లొచ్చు కదా" అన్న ప్రశ్న. తప్పకుండా వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. మన దివ్యబలిపూజలో ప్రధాన ప్రార్థనంతా తండ్రికే, కుమారుని ద్వారా. మరియమ్మకో పునీతులకో బలి అర్పించే పూజ ప్రపంచంలో ఎక్కడా లేదు. అయినా యోబు 42:8 చూడండి. యోబు స్నేహితులతో దేవుడు నేరుగానే మాట్లాడుతున్నాడు. క్షమాపణ అప్పుడే ఇచ్చేయవచ్చు. ఇవ్వకుండా, యోబు దగ్గరికి వెళ్లండి, అతను మీ కోసం ప్రార్థిస్తాడు, అతని ప్రార్థన అంగీకరిస్తాను అన్నాడు. ఎదురుగా మాట్లాడుతున్న దేవుడే ఇంకొకరి ప్రార్థన కోరమని పంపాడు! దేవుడు దూరంగా ఉన్నాడని కాదు. తన పిల్లలు ఒకరికొకరు కావాల్సినవాళ్లుగా ఉండాలనే ఆయన కోరిక.

రత్నం_ఖమ్మం

సిఫారసు గురించి రాసింది చదివి మనసుకు హాయిగా అనిపించింది. మా పిల్లలకు నేనూ అదే చెప్పేదాన్ని. ఇక చెప్పను.

వాక్యధ్యాని

@మాజీ_సెమినేరియన్, 1 తిమోతి 2 మొత్తం మీరు చదివిన తీరు బాగుంది. బతికున్న విశ్వాసులు ఒకరి కోసం ఒకరు ప్రార్థించడంలో మనకు తేడా లేనే లేదు. పౌలు తన కోసం ప్రార్థించమని రోమా 15:30లో, ఎఫెసీ 6:19లో అడిగాడు. మా సహవాసంలో ప్రతి బుధవారం ప్రేయర్ రిక్వెస్టులు చదువుతాం.

నా ప్రశ్న అది కాదు. ఆదికాండం నుంచి ప్రకటన దాకా, భూమి మీద ఉన్న విశ్వాసి ఒకరు ప్రభువులో నిద్రించిన విశ్వాసిని పిలిచి "నా కోసం ప్రార్థించు" అన్న ఒక్క సందర్భం చూపించండి. ఒక్కటి చాలు.

పాత_ఉపదేశి

నలభై ఊళ్లు తిరిగి సత్యోపదేశం చెప్పినవాడిని, ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ ఎదురైంది. తమ్ముడూ, మీరడిగినట్టు అచ్చంగా ఆ మాటలతో ఉన్న సందర్భం మీ 66 పుస్తకాల్లో లేదు. అది దాచాల్సిన పని లేదు. ఉన్నదేమిటో చెబుతాను.

పరలోకంలో ఉన్నవాళ్లు మన సంగతి ఎరుగుదురా? లూకా 15:7 ఒక పాపి మారుమనసు పొందితే పరలోకంలో సంతోషం కలుగుతుందంటోంది. తెలియకుండా ఎలా సంతోషిస్తారు? రూపాంతర కొండ మీద మోషే, ఏలీయా యేసుప్రభువుతో ఆయన యెరూషలేములో పొందబోయే మరణం గురించి మాట్లాడుతున్నారు, లూకా 9:31. వాళ్లకు జరగబోయేది తెలుసు. ప్రకటన 6:10లో హతసాక్షుల ఆత్మలు బలిపీఠం కింద నుంచి కేక వేసి భూమి మీద న్యాయం ఎప్పుడని అడుగుతున్నాయి. అది ప్రార్థన కాక మరేమిటి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రకటన 5:8. ఇరవై నలుగురు పెద్దలు గొర్రెపిల్ల (క్రీస్తు) ఎదుట సాగిలపడ్డారు. చేతుల్లో వీణలు, ధూపద్రవ్యాలతో నిండిన బంగారు పాత్రలు. ఆ ధూపం పరిశుద్ధుల ప్రార్థనలని యోహానే చెప్పేశాడు. మన ప్రార్థనలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. వాళ్లు వాటిని తమ దగ్గర ఉంచుకోవడం లేదు, సింహాసనం మీద కూర్చోవడమూ లేదు, గొర్రెపిల్ల ముందు సాగిలపడి ఉన్నారు. పునీతుల ప్రార్థన అంటే ఏమిటో అడిగినవాళ్లకు నేను ఈ ఒక్క వచనమే చదివి వినిపించేవాణ్ణి.

సౌలు సంగతి వేరు. జరగబోయేది తెలుసుకోవడానికి కర్ణపిశాచి గల స్త్రీ చేత చచ్చినవాణ్ణి రప్పించుకున్నాడు. సోదె చెప్పించుకోవడం, ఆత్మలను రప్పించడం మన సత్యోపదేశ గ్రంథంలోనూ ఘోరమైన పాపమే, 2116వ పేరా చూడండి. జపమాల చెప్పుకునేవాళ్లు ఎవరినీ రప్పించడం లేదు, దాచిన సంగతులు అడగడం లేదు.

ఇంకో సంగతి. పూజ మొదట్లో మనం పాపాన్ని ఒప్పుకునే ప్రార్థనలో మరియమ్మను, దేవదూతలను, పునీతులను, పక్కన నిలబడ్డ సహోదరులను ఒకే వాక్యంలో కలిపి, నా కోసం ప్రార్థించండని అడుగుతాం. పక్క బెంచీలో ఉన్న వెంకాయమ్మనూ దేవమాతనూ అడిగేది ఒకటే. అదీ మన నమ్మకం.

గుంటూరు_లూథరన్

విజయగారి అత్తయ్యగారిది మా సంఘమే కాబట్టి మా వైపు మాట కూడా సరిగ్గా చెప్పాలనిపించింది. మాలో చాలామందికి తెలియని సంగతి ఇది.

మా లూథరన్ల మూల పత్రం, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో 21వ అధికరణం పునీతుల గురించే. వాళ్లను జ్ఞాపకం చేసుకోవాలి, వాళ్ల విశ్వాసాన్ని, సత్క్రియలను అనుసరించాలి అంటుంది. అయితే వాళ్లను వేడుకోమని, వాళ్ల సహాయం అడగమని లేఖనం బోధించదు అని చెప్పి, అక్కడే 1 తిమోతి 2:5 ఉదహరిస్తుంది. అత్తయ్యగారి వాదన అక్కడి నుంచి వచ్చిందే.

కానీ మరుసటి ఏడు, 1531లో, దానికి సమర్థనగా లూథర్ సహచరుడు మెలాంక్తన్ రాసిన గ్రంథం ఇంకో అడుగు వేసింది. దేవదూతలు మన కోసం ప్రార్థిస్తారని జెకర్యా 1:12 ఆధారంగా ఒప్పుకుంది. పరలోకంలో ఉన్న పునీతులు కూడా సంఘమంతటి కోసం సాధారణంగా ప్రార్థిస్తారని ఒప్పుకుంది. వాళ్లు ప్రార్థిస్తారు గనుక వాళ్లను పిలవాలని అర్థం కాదు, పిలవమనే ఆజ్ఞ గానీ, వింటారనే వాగ్దానం గానీ లేదు అని అక్కడ ఆగింది.

అంటే విజయగారూ, మీకూ అత్తయ్యగారికీ మధ్య తేడా మీరనుకున్నంత పెద్దది కాదు. మరియమ్మ సంఘం కోసం ప్రార్థిస్తున్నదా అన్న దగ్గర తేడా లేదు. ఆమెను పిలిచి అడగవచ్చా అన్న దగ్గరే ఉంది. నేను అడగను. ఆజ్ఞ, వాగ్దానం రెండూ లేని చోట నా ప్రార్థన నిలవదు.

మాజీ_సెమినేరియన్

అన్నా, మీరు గీత గీసిన చోటే అసలు చర్చ ఉంది, ధన్యవాదాలు. ఆజ్ఞ విషయానికొస్తే, మా కథోలిక సంఘపు త్రెంతు మహాసభ 1563 డిసెంబరులో పునీతులను వేడుకోవడం "మంచిది, ప్రయోజనకరమైనది" అంది. ప్రతి ఒక్కరూ చేసి తీరాలి, లేకపోతే రక్షణ లేదు అనలేదు.

లేఖనంలో మాదిరి లేకపోతే మొదటి క్రైస్తవులు ఏం చేశారో చూడడం మాకు ముఖ్యం. రోములో ఆప్పియా దారిలో పునీత సెబాస్టియన్ సమాధి గుహల దగ్గర 1915లో తవ్వినప్పుడు ఒక గోడ బయటపడింది. పేతురు, పౌలుల జ్ఞాపకార్థం విశ్వాసులు చేరి భోజనం చేసిన చోటు. గోడ పూత మీద మొనతో గీకిన రాతలు వందల కొద్దీ ఉన్నాయి. "పౌలూ పేతురూ, విక్టరు కోసం వేడుకోండి." ఇలాంటివే, ఒకదాని మీద ఒకటి, వంకరటింకర అక్షరాల్లో. మూడో శతాబ్దం రెండో సగం నాటివి. అప్పటికి క్రైస్తవానికి చట్టపరమైన గుర్తింపు లేదు. రాజుల అండ లేదు, పెద్ద గుళ్లు లేవు. రాసినవాళ్లు పండితులు కూడా కాదు. ఆ రోజుల్లో మామూలు విశ్వాసి హతసాక్షిని ఇలా అడిగాడు.

అంతకు కాస్త ముందే తొలినాటి క్రైస్తవ పండితుడు ఓరిగెను తన ప్రార్థన గ్రంథంలో, మనం ప్రార్థించేటప్పుడు ప్రధాన యాజకుడైన క్రీస్తు మాత్రమే కాదు, దేవదూతలు, నిద్రించిన పరిశుద్ధుల ఆత్మలు కూడా మనతో కలిసి ప్రార్థిస్తాయని రాశాడు. ఆధారంగా తోబీతు గ్రంథంలోని రఫాయేలును, 2 మక్కబీయులు 15:14లో ప్రజల కోసం ప్రార్థిస్తున్న యిర్మీయాను చూపించాడు. యిర్మీయా చనిపోయి అప్పటికి కొన్ని శతాబ్దాలు.

వాక్యధ్యాని

ఓరిగెనును తెచ్చారు కాబట్టి అదే పుస్తకంలోని ఇంకో సంగతి కూడా చెప్పాలి. అసలైన ప్రార్థన తండ్రికి మాత్రమే చేయాలని, క్రీస్తుకు కూడా కాక క్రీస్తు ద్వారా తండ్రికి చేయాలని ఆయన గట్టిగా రాశాడు. ఆయన్ను పూర్తిగా మీ పక్షాన నిలబెట్టలేం.

గోడ మీది రాతలు నిజమే కావచ్చు. భక్తి నిజమే కావచ్చు. మూడో శతాబ్దపు విశ్వాసి చేసినదంతా అపొస్తలుల బోధ అవుతుందా? కొరింథు సంఘం పౌలు బతికుండగానే ఎన్ని తప్పులు చేసిందో చూశాం.

సుధ_మియాపూర్

నాదొక చిన్న డౌట్. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు లక్షల మంది వస్తారు. అందరూ ఒకేసారి, అన్ని భాషల్లో అడుగుతుంటే మరియమ్మగారు ఎలా వింటారు? ఆమె దేవుడు కాదు కదా, అన్ని చోట్లా ఉండరు కదా. నాకు పూర్తిగా నమ్మకం ఉంది, కానీ మా అబ్బాయి అడిగితే చెప్పలేకపోయాను.

మాజీ_సెమినేరియన్

సుధగారూ, మీ అబ్బాయి అడిగినదాన్ని పునీత అగస్తీనుగారే అడుక్కున్నారు. మృతుల విషయంలో మన బాధ్యత గురించి రాసిన గ్రంథంలో, హతసాక్షులు మనకు సహాయపడతారని మనకు తెలుసు గానీ ఎలా అన్నది తన బుద్ధికి అందనంత పెద్దదని రాశారు.

ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్లకు తోమాసు అక్వినాసుగారు ఒక జవాబు ఇచ్చారు. పునీతులు సొంత శక్తితో వినరు. వాళ్లు దేవుణ్ణి ముఖాముఖిగా చూస్తున్నారు. తమకు తెలియాల్సినది, అందులో మన మనవులు కూడా, దేవుడు తనలోనే వాళ్లకు తెలియజేస్తాడు. కాబట్టి మరియమ్మ అన్ని చోట్లా ఉండనక్కర్లేదు, సర్వజ్ఞురాలు కానక్కర్లేదు. ఆమెకు మన మాట చేరేది దేవుని ద్వారానే. ఆమె మన కోసం వేడుకునేదీ దేవునితోనే. ఇందులో దేవుణ్ణి పక్కకు తప్పించే చోటే లేదు.

రత్నం_ఖమ్మం

నాకూ ఒకటి అడగాలని ఉంది. ఉపదేశిగారు చెబితే బాగుంటుంది. మా చెల్లెలు కొడుకు జబ్బు నయమైతే గుణదలలో తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. నయమైంది. ఆ తర్వాత వాళ్లు ఉద్యోగం మీద దేశం దాటి వెళ్లిపోయారు, రావడం కుదరడం లేదు. మొక్కు తీర్చలేదు కాబట్టి మాత కోపగించుకుందని, పిల్లాడికి మళ్లీ ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. రాత్రుళ్లు నిద్రపోవడం లేదు.

పాత_ఉపదేశి

అమ్మా, మీ చెల్లెలికి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. మరియమ్మ ఎవరి బిడ్డ మీదా పగ తీర్చుకోదు. అలా అనుకోవడమే ఆ తల్లిని అవమానించడం. పిల్లాణ్ణి బాగుచేసింది దేవుడు. మాత చేసింది ప్రార్థన.

మొక్కుబడి అంటే దేవునికి ఇచ్చిన మాట అని సత్యోపదేశం 2102లో ఉంది. పునీతుల పేరు చెప్పి మొక్కుకున్నా ఆ మాట చేరేది దేవునికే. తీర్చడం కష్టమైతే శ్రీసభ చట్టంలో దారి ఉంది. సొంతంగా చేసుకున్న మొక్కును, సరైన కారణం ఉంటే, విచారణ గురువులు తీసివేయగలరు, 1196వ నియమం. దానికి సమానమైనదో అంతకన్నా మంచిదో అయితే మొక్కుకున్నవాళ్లే మార్చుకోవచ్చు, 1197వ నియమం. అక్కడి గుడిలో ఫాదరుగారిని కలిసి సంగతి చెప్పమనండి. ఉన్న ఊళ్లోనే జబ్బుపడ్డ ఒక పిల్లాడి ఖర్చు భరించి మొక్కు మార్చుకోవచ్చు. భయం అక్కర్లేదు.

ఈ భయం చూస్తే నాకు చాలా బాధ. గుణదలలో 1924లో అర్లాటి ఫాదరుగారు లూర్దు మాత స్వరూపం ప్రతిష్ఠించింది జనం భయపడడానికి కాదు. తలనీలాలు ఇచ్చి, కొవ్వొత్తి వెలిగించి, కొండెక్కి సిలువ దాకా వెళ్లేవాళ్లందరి భక్తినీ నేను గౌరవిస్తాను, కథోలికులు కానివాళ్లు ఎంతోమంది వస్తారు, వాళ్లనూ గౌరవిస్తాను. కానీ ఇచ్చిపుచ్చుకోవడం లెక్కన ప్రార్థన నేర్పిన తప్పు మాది, ఉపదేశం చెప్పాల్సినవాళ్లది.

వాక్యధ్యాని

ఉపదేశిగారూ, నా అభ్యంతరంలో బరువైన భాగం ఇదే. పుస్తకంలో బోధ ఎంత జాగ్రత్తగా ఉన్నా, గుణదల మాత గుహ ముందు నిలబడ్డ మనిషి మనసులో మరియమ్మే ఇస్తుందని, యేసు కఠినుడని, ఆమె మెత్తనిదని ఉంటే ఏం చేస్తారు? నేను కళ్లారా చూశాను. ఆ మాట విన్నప్పుడు నాకు కోపం కాదు, దుఃఖం వస్తుంది. సిలువ మీద చేతులు చాచినవాడు కఠినుడా?

మాజీ_సెమినేరియన్

ఆ దుఃఖం నాకూ ఉంది. శ్రీసభ కూడా ఈ విషయంలో నిద్రపోవడం లేదు. 2025 నవంబరులో వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత విభాగం మరియమ్మకు వాడే బిరుదుల మీద ఒక పత్రం ఇచ్చింది. ఆమెను "సహ రక్షకురాలు" అనడం తగదని తేల్చింది, క్రీస్తు ఒక్కడే రక్షకుడన్న సత్యం మరుగున పడుతుందని. కఠినుడైన కుమారుడు, మెత్తని తల్లి అన్న ఊహకు ఏ సువార్తలోనూ చోటు లేదు. కానా పెళ్లిలో ఆమె చేసింది రెండే పనులు. ద్రాక్షరసం లేదని కుమారునితో చెప్పింది. ఆయన చెప్పినట్టు చేయమని పనివాళ్లతో చెప్పింది. నీళ్లను మార్చింది ఆయన.

విజయ_తెనాలి

అన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను. 1 తిమోతి 2 మొదటి నుంచి అత్తయ్యగారితో కలిసి చదివాం. మెలాంక్తన్ సంగతి ఆవిడకు కొత్త, వాళ్ల అయ్యగారిని అడుగుతానన్నారు. ఇంకొక్క ప్రశ్న. కుటుంబ ప్రార్థనలో ఇద్దరికీ ఇబ్బంది లేకుండా మరియమ్మగారిని తలచుకునే మార్గం ఏమైనా ఉందా?

గుంటూరు_లూథరన్

ఉంది. లూకా 1:46 నుంచి 55 వరకు ఉన్న మరియ కీర్తన. మా సాయంకాల ఆరాధన క్రమంలో ఉంది, మీ సాయంకాల ప్రార్థనలోనూ రోజూ ఉంటుంది. ఆమెను అడగడం కాదు, ఆమె మాటలతో ఆమెతోపాటు దేవుణ్ణి స్తుతించడం. అత్తయ్యగారు కాదనరు. జపమాల మీరు విడిగా చెప్పుకోండి, ఆవిడ మనస్సాక్షిని బలవంతపెట్టకండి, ఆవిడా మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. ప్రార్థన చివర ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెప్పి దేవుని ఎదుట వేడుకోండి. యాకోబు 5:16, "నీతిమంతుని విజ్ఞాపన మనఃపూర్వకమైనదై బహు బలముగలదై యుండును."

వాక్యధ్యాని

నేను ఆజ్ఞ, వాగ్దానం అన్న దగ్గరే నిలబడుతున్నాను. పునీతులను పిలవను. ఉపదేశిగారు చూపించిన ప్రకటన 5:8 మీద ఈ ఆదివారం మా బైబిల్ స్టడీలో మాట్లాడాలనుకుంటున్నాను. ఆ పెద్దలు ఎవరు, మనుషులా దేవదూతలా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంది. మీ బైబిలులో ఉండి మా బైబిలులో లేని 2 మక్కబీయులు, తోబీతు లేఖనమా కాదా అన్నది తేలకుండా మిగతాది తేలదు. దానికి వేరే చర్చ మొదలుపెడతాను, మాజీ సెమినేరియన్‌గారు తప్పకుండా రావాలి.

మాజీ_సెమినేరియన్

వస్తాను. పాత నిబంధనకు యూదులు చేసుకున్న గ్రీకు అనువాదం దగ్గర మొదలుపెడదాం.